తల్లి బాల్యంలో పోషకాహార లోపం, బిడ్డల చదువు: గోదావరి డెల్టా

బాల్యంలో ఒంటికి పట్టే తిండికి నోచుకోని ఆడపిల్ల పెరిగి పెద్దదై తల్లయ్యాక, ఆ లోటు ఆమె బిడ్డల చదువు మీద కూడా పడుతుంది. పుట్టినప్పటి బరువు, రెండేళ్ల లోపు ఎదుగుదల, బడిలో చేరే వయసు, తరగతి గదిలో నిలదొక్కుకోవడం, ఎన్నో తరగతి దాకా చదివారన్న లెక్క, వీటన్నిటిలోనూ దాని జాడ కనిపిస్తుందని గత అయిదారు దశాబ్దాల పరిశోధనలు చెబుతున్నాయి. చైనా, గ్వాటెమాలా దేశాలతోపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఈ పరిశోధనకు ముఖ్యమైన క్షేత్రం. కాకినాడ కేంద్రంగా ఉన్న గోదావరి డెల్టాకు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ధాన్యం పుష్కలంగా పండే చోట పోషకాహార లోపం ఎలా పుడుతుందో వైద్య శాస్త్రం మొదట నేర్చుకున్న ప్రాంతాల్లో ఇదొకటి.

కొలతలు

పోషకాహార లోపాన్ని కంటితో చూసి చెప్పలేం. వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడాన్ని గిడసబారడం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల పట్టికలే దీనికి ప్రమాణం. ఎత్తుకు తగ్గ బరువు లేకపోతే అది ఈమధ్య కాలంలో వచ్చిన ఆకలికి గుర్తు. ఎత్తే తగ్గితే ఎన్నో నెలలుగా సాగిన లోటుకు గుర్తు. పుట్టినప్పుడు 2.5 కిలోల కన్నా తక్కువ ఉంటే తక్కువ బరువు బిడ్డ. గర్భిణికి డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. చదువు సంగతికొస్తే పరిశోధకులు మూడు రకాలుగా చూస్తారు: బడిలో ఉన్నారా లేదా, ఎన్ని తరగతులు పూర్తిచేశారు, చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చు. మూడోదే అసలైనది, కొలవడానికి కష్టమైనదీ అదే.

అన్నపు గిన్నెలో ఆకలి

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టా తలరాతను మార్చింది. అంతకు ముందు 1832–33 నాటి కరువు, 1839లో కోరంగిని ముంచిన తుపాను ఈ తీరాన్ని కుదిపేశాయి. ఆనకట్ట తరువాత కాలువ కింద రెండు పంటలు, కాకినాడ రేవు నుంచి ధాన్యం ఎగుమతి మొదలయ్యాయి. నేటికీ దేశం నుంచి బియ్యం ఓడలెక్కే ప్రధాన రేవుల్లో కాకినాడ ఒకటి.

కరువు పోయింది గాని లోపం పోలేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఉత్తర సర్కారుల కోస్తా జిల్లాల్లో బెరిబెరి స్థానిక వ్యాధిగా పాతుకుపోయింది. కాళ్లలో తిమ్మిరి, వాపు, చివరికి గుండె ఆగిపోవడం దీని లక్షణాలు. 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో ప్రారంభించిన పరిశోధన పేరే ‘బెరిబెరి విచారణ’. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. దేశంలో ఆహార శాస్త్రానికి తలమానికమైన సంస్థ పుట్టుకలో మన కోస్తా జిల్లాల జబ్బుకు ఇంత పాత్ర ఉందన్న సంగతి ఇక్కడి పాఠ్యపుస్తకాల్లో ఉండదగ్గది.

కారణం వడ్ల గింజలోనే ఉంది. థయమిన్ అనే బి1 విటమిన్ గింజ పైపొరలో, అంటే తౌడులో ఉంటుంది. రోట్లో దంచిన బియ్యానికి ఆ పొర కొంత మిగిలేది. మిల్లులు వచ్చి తెల్లగా పాలిష్ పట్టడం మొదలయ్యాక అది పశువుల కుడితిలోకి పోయింది. మిగిలిన కాస్తా బియ్యాన్ని రెండు మూడు సార్లు పిసికి కడిగినప్పుడు, గంజి వార్చినప్పుడు పోయేది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో బెరిబెరి అంతగా కనిపించకపోవడానికీ కారణం ఇదే. వడ్లను ఉడకబెట్టినప్పుడు పైపొరలోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. డెల్టా జనం పచ్చిబియ్యం తినేవారు. పైగా పప్పు, కూర, చేప ముక్క కొనలేని ఇంట్లో అన్నమే కూర, అన్నమే పప్పు. దంపుడు కూలి పోయిన ఆడవాళ్లకు దంపుడు బియ్యమూ పోయింది.

ఈ కథలో తల్లీబిడ్డల ఘట్టం ఇంకా విషాదకరం. తల్లిలో థయమిన్ లోపం ఉంటే ఆమె చనుబాలలోనూ అది ఉండదు. పైకి ఆరోగ్యంగానే కనిపించే తల్లి పాలు తాగిన పసికందు పుట్టిన కొద్ది నెలల్లోనే గొంతు పోయి, ఊపిరాడక, గుండె ఆగి చనిపోయేది. కూనూరు ప్రయోగశాలకు 1935 తరువాత అధిపతిగా ఉన్న డబ్ల్యు. ఆర్. ఐక్రాయిడ్, బి. జి. కృష్ణన్‌తో కలిసి మద్రాసు ప్రెసిడెన్సీ బెరిబెరి ప్రాంతంలోని శిశుమరణాల మీద 1941లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. తల్లి తిండికీ బిడ్డ ప్రాణానికీ ఉన్న ముడిని ఈ తీరంలోనూ ఇలా నమోదు చేశారు.

చనిపోయిన పిల్లల సంగతి తెలిసింది. బతికి బయటపడిన వారి మెదడు ఏమైంది? ఆ రోజుల్లో దీనికి జవాబు దొరకలేదు. అరవై ఏళ్ల తరువాత ఇజ్రాయెల్‌లో జరిగిన ఒక ప్రమాదం కొంత జవాబిచ్చింది. 2003లో అక్కడ ఒక సోయా పాలపొడిలో పొరపాటున థయమిన్ లేకుండా పోయింది. అది తాగిన పిల్లలు కొందరు మరణించారు. పెద్దగా జబ్బుపడకుండా తేలిపోయిన పిల్లలను అయిదారేళ్ల వయసులో పరీక్షిస్తే, వాక్యాలను అర్థం చేసుకోవడంలో, మాటలు అందుకోవడంలో స్పష్టమైన లోపాలు బయటపడ్డాయి. బడి ఈడుకు వచ్చేదాకా ఇళ్లలో వాళ్లకు ఏ తేడా కనపడలేదు.

డెల్టా పోషకాహార చరిత్రలో మరో పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయపడతామన్న మాటతో, మామగారు సమకూర్చిన డబ్బుతో 1920ల తొలి ఏళ్లలో అమెరికా చేరారు. ఆయన సారథ్యంలో లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆయన సోదరుణ్ని బలిగొన్న స్ప్రూ అనే పేగు వ్యాధికి అది మందయింది. అంతకు ముందే, 1931 నాటికి, లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి మిల్లు కూలీలైన గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని చూపారు. ఆ సారంలోని గుణం ఫోలిక్ ఆమ్లానిదేనని తరువాత తేలింది. నేడు కాకినాడ ప్రభుత్వ సామాన్య ఆసుపత్రిలో గర్భిణి చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో ఇనుముతోపాటు ఉండేది అదే.

లోటు ఎలా దిగుతుంది?

ఒక బిడ్డకు ప్రాణం పోసే అండం, ఆ బిడ్డ తల్లి తానే ఇంకా గర్భంలో ఉండగా తయారవుతుంది. ఆడ పిండానికి సుమారు 20 వారాలు నిండేసరికే జీవితకాలపు అండాలన్నీ ఏర్పడిపోతాయి. అంటే అమ్మమ్మ తిన్న తిండి, పడ్డ కష్టం మనవడిదాకా రావడానికి శరీరంలోనే దారి ఉంది. బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ బార్కర్ గర్భంలోని లోటు నడివయసులో గుండెజబ్బుగా, మధుమేహంగా తిరిగి వస్తుందని 1980ల చివర్లో వాదించినప్పుడు చాలామంది నమ్మలేదు. పుణె చుట్టుపక్కల పల్లెల్లో 1993లో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం మొదలుపెట్టిన అధ్యయనం, మన దేశపు తక్కువ బరువు బిడ్డలు సన్నగా ఉన్నా ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువని చూపింది.

చదువు వైపు వెళ్లే దారులు ప్రధానంగా రెండు. మొదటిది శరీరం. చిన్నప్పుడు గిడసబారిన పిల్ల పొట్టి తల్లవుతుంది. కటి ఎముకలు ఇరుకు, గర్భసంచి చిన్నది, ఒంట్లో ఇనుము నిల్వలు తక్కువ. బ్రెజిల్, గ్వాటెమాలా, ఢిల్లీ, ఫిలిప్పీన్స్, దక్షిణాఫ్రికాల్లో పుట్టుక నుంచి పెద్దయ్యేదాకా వేలమందిని గమనించిన అయిదు అధ్యయనాలను కలిపి చూస్తే, 150 సెంటీమీటర్లలోపు ఎత్తున్న తల్లుల బిడ్డలు రెండేళ్లకు గిడసబారే అవకాశం పొడవైన తల్లుల బిడ్డల కన్నా మూడు రెట్లు ఎక్కువ. బిడ్డ మెదడు రెండేళ్లు నిండేసరికి పెద్దవారి మెదడు పరిమాణంలో దాదాపు 80 శాతానికి చేరుతుంది. గర్భం చివరి మూడు నెలల్లో తల్లి నుంచి చేరాల్సిన ఇనుము చేరకపోతే నరాల తొడుగు సరిగా ఏర్పడదు. ఆ తరువాత ఎంత ఇనుము తినిపించినా కొన్ని లోపాలు పూర్తిగా పూడవు.

రెండోది బడి. పోషణ లేని ఆడపిల్ల తానే బడికి ఆలస్యంగా వెళ్తుంది, తరచూ జబ్బుపడుతుంది, పాఠం అందక వెనకబడుతుంది, పదో తరగతి దాటకుండానే ఆగిపోతుంది. ఆగిపోయిన పిల్లకు పెళ్లి తొందర. ఇంకా తన ఎముకలు ఎదిగే వయసులోనే గర్భం వస్తే తల్లి, బిడ్డ ఒకే తిండి కోసం పోటీపడతారు. తరువాత ఆ బిడ్డ బడికి వెళ్లినప్పుడు పలక మీద అక్షరం దిద్దించే చదువు ఆమె దగ్గర ఉండదు. మొదటి దారి మీద వైద్యులు, రెండో దారి మీద అర్థశాస్త్రవేత్తలు పుస్తకాలు రాశారు గాని, ఇంట్లో ఈ రెండూ వేరువేరుగా ఉండవు.

గోదావరి సంస్కర్తలకు ఈ రెండో దారి శాస్త్రం చెప్పకముందే తెలుసు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టినా, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినా, ఆ ఉద్యమానికి కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సమకూర్చినా, వారు పోరాడింది బాల్యంలోనే పెళ్లి పేరుతో ముగిసిపోతున్న ఆడపిల్లల బతుకుల కోసం. కాకినాడలో చిన్న వయసులోనే ఆడవాళ్లకు హిందీ బడి నడిపిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1958–59లో జాతీయ స్త్రీవిద్యా సంఘానికి అధ్యక్షురాలయ్యారు.

అధ్యయనాలు

తరాల మీదుగా ప్రభావం ఉందని రుజువు చేయడం కష్టం, ఎందుకంటే పేదరికం కూడా తరాల మీదుగా దిగుతుంది. ఏది తిండి వల్ల, ఏది పేదరికం వల్ల అని విడదీయాలంటే, ఒకే రకం కుటుంబాల్లో కొందరికి తిండి అంది, మరికొందరికి అందని సందర్భం దొరకాలి. అటువంటివి రెండు రకాలు: కరువులు, ఆహార పథకాలు.

కరువుల్లో పెద్దది చైనాది. 1959–61 కరువు కాలంలో పుట్టినవారు ఎదిగి తల్లిదండ్రులయ్యాక వారి పిల్లలు మాధ్యమిక పాఠశాలలో చేరే అవకాశం 5 నుంచి 7 శాతం పాయింట్ల మేరకు తగ్గిందని 2014లో వెలువడిన ఒక పరిశోధన లెక్కకట్టింది. ఈ పిల్లలు కరువును చూడలేదు, తిండికి కరువైన కాలంలో పెరగలేదు.

రెండో రకానికి పేరెన్నికగన్నది గ్వాటెమాలా. అక్కడ 1969 నుంచి 1977 దాకా రెండు పల్లెల్లో మాంసకృత్తులున్న జావ, మరో రెండు పల్లెల్లో ఉత్త తీపి పానీయం ఇచ్చారు. జావ తాగి పెరిగిన ఆడపిల్లలు మిగతావారి కన్నా సుమారు ఒక తరగతి ఎక్కువ చదివారు. వాళ్లు తల్లులయ్యాక వారి బిడ్డల పుట్టుక బరువు సగటున 116 గ్రాములు ఎక్కువగా తేలింది. తల చుట్టుకొలత, ఎత్తు కూడా పెరిగాయి. ఎప్పుడో తాగిన గ్లాసెడు జావ తరువాతి తరంలో కొలతకు అందింది.

ఇందుకు దీటైన తెలుగు అధ్యయనం హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో జరిగింది. 1987–90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ 29 ఊళ్లను ఎంచుకుంది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం అప్పటికే అందుతున్న ఊళ్లు కొన్ని, ఇంకా రాని ఊళ్లు కొన్ని. అందిన చోట గర్భిణులకు, బాలింతలకు మొక్కజొన్న, సోయాతో చేసిన ఉప్మా, రోజుకు సుమారు 500 కేలరీలు, ఆరేళ్లలోపు పిల్లలకు సుమారు 300. పదిహేనేళ్ల తరువాత పరిశోధకులు ఆ పిల్లల కోసం తిరిగి ఊళ్లకు వెళ్లారు. 13 నుంచి 18 ఏళ్ల వయసులో, ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవు. ఇదేం పెద్ద సంగతి అనిపించవచ్చు. 2016లో ప్రచురించిన మరో విశ్లేషణ చదువు లెక్క తీసింది: ఆ ఊళ్లలో పుట్టినవారు బడిలో ఉండే అవకాశం 7.8 శాతం ఎక్కువ, పూర్తిచేసిన తరగతులు 0.84 ఎక్కువ. ఇంచుమించు ఒక ఏడాది చదువు. పంతుళ్లను పెంచలేదు, భవనాలు కట్టలేదు. తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు, బిడ్డ పసితనంలో ఉన్నప్పుడు ఉప్మా పెట్టారు, అంతే.

గోదావరి జిల్లాలకు నేరుగా సంబంధించింది ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఇథియోపియా, పెరు, వియత్నాం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లలో 12,000 మంది పిల్లలను 2002 నుంచి వెన్నంటి చూస్తోంది. ఇందులో మన వాటా 3,000 మంది: 2001–02లో పుట్టినవారు 2,000, 1994–95లో పుట్టినవారు 1,000. హైదరాబాదులోని ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం ఇందులో భాగస్వామి. ఎంచుకున్న చోట్లు హైదరాబాదు నగరంతోపాటు ఆరు జిల్లాల్లో ఉన్నాయి. కోస్తా నుంచి శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి. పశ్చిమ గోదావరిని అభివృద్ధి చెందిన జిల్లాకు ప్రతినిధిగా తీసుకోవడం గమనించదగ్గది. నాలుగు దేశాల లెక్కలనూ కలిపి చూస్తే రెండు విషయాలు తేలాయి. ఏడాది వయసులో గిడసబారిన పిల్లలందరూ అలాగే ఉండిపోరు. కొందరు ఎనిమిదేళ్లకు కొంత కోలుకుంటారు. అలా కోలుకున్నవారు కోలుకోనివారి కన్నా లెక్కల్లో, చదవడంలో ముందుంటారు. 1994–95లో పుట్టిన ఆడపిల్లలు తల్లులయ్యాక వారి బిడ్డల కొలతలనూ పరిశీలించి, కౌమారాన్ని రెండో అవకాశంగా తీసుకోవచ్చా అన్న ప్రశ్న వేశారు. ఈ ప్రశ్నకు అవుననే సమాధానం వస్తే పథకాల రూపురేఖలే మారాలి.

ఆ దిశగా బలమైన సాక్ష్యం మధ్యాహ్న భోజనం ఇచ్చింది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాక రాష్ట్రాలన్నీ ప్రాథమిక పాఠశాలల్లో వండిన అన్నం పెట్టడం మొదలుపెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2003లో మొదలైంది. యంగ్ లైవ్స్ లెక్కల ఆధారంగా, అనావృష్టి వల్ల చిన్నపిల్లల ఎదుగుదలలో వచ్చిన లోటును ఈ భోజనం పూడ్చిందని 2014లో ఒక పరిశోధన చూపింది. 2021లో దేశవ్యాప్త గణాంకాలతో చేసిన మరో పరిశోధన ఒక అడుగు ముందుకేసింది. బాలికగా ఉన్నప్పుడు బడిలో భోజనం తిన్న తల్లుల బిడ్డలు వయసుకు తగ్గ ఎత్తులో ముందున్నారు. 2006 నుంచి 2016 దాకా దేశంలో పిల్లల ఎత్తులో కనిపించిన మెరుగుదలలో 13 నుంచి 32 శాతం దీనితో ముడిపడి ఉందని వారి అంచనా. ఆ తల్లులు ఎక్కువ చదివారు, ఆలస్యంగా పెళ్లాడారు, తక్కువమంది పిల్లల్ని కన్నారు, ఆసుపత్రిలో పురుడు పోసుకున్నారు. తిండి, చదువు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని నడుస్తాయో ఇంతకన్నా బాగా చూపిన లెక్క లేదు.

కాకినాడ చుట్టుపట్ల

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి తూర్పు గోదావరి విడిపోయి కాకినాడ, రాజమహేంద్రవరం కేంద్రంగా తూర్పు గోదావరి, అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లాలయ్యాయి. రంపచోడవరం ఏజెన్సీ అప్పట్లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. లోపం ఒక్కో చోట ఒక్కో రూపంలో ఉంటుంది.

ఏజెన్సీలో కొండరెడ్లకు ఒకప్పుడు ఏడాదిలో కొన్ని నెలలు ధాన్యమే ఉండేది కాదు. మామిడి టెంక జీడిని నానబెట్టి కాచిన అంబలి, జీలుగు చెట్టు మానులోని గుజ్జు ఆ నెలలకు ఆధారంగా ఉండేవి. 1945లో ఈ కొండల రెడ్ల మీద పుస్తకం రాసిన ఫ్యూరర్-హైమెండార్ఫ్ నమోదు చేసిన తిండి ఇదే. పురుడు కష్టమైన గర్భిణిని ఘాట్ రోడ్డు దిగి రంపచోడవరం, రాజమండ్రి, చివరికి కాకినాడ చేర్చడం ఇప్పటికీ జరుగుతున్నదే.

ఉప్పాడ నుంచి ఏటిమొగ, తాళ్లరేవు దాకా ఉన్న మత్స్యకార వాడల్లో చేపకు లోటు లేదు, కనీసం వేటకు వెళ్లిన రోజుల్లో. మంచి చేప రేవులోనే అమ్ముడైపోతుంది; ఇంటికి వచ్చేది ధర పలకని చిన్న చేప. పోషణ దృష్ట్యా ముల్లుతో సహా తినే ఆ చిన్న చేపే మేలు, అది వేరే సంగతి. ఏటా వేసవిలో 61 రోజుల వేట నిషేధం వచ్చినప్పుడు, తుపాను హెచ్చరికలప్పుడు పూటగడవడం కష్టమై, ముందుగా తగ్గేది ఆడవాళ్ల పళ్లెంలోనే.

కోనసీమది మరో కథ. ఇక్కడి నుంచి, పశ్చిమ గోదావరి నుంచి వేలమంది ఆడవాళ్లు కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్తారు. వారి డబ్బుతో పిల్లలు ఇంగ్లీషు మీడియం బడికి వెళ్తారు, పెంపకం అమ్మమ్మది. తల్లి చిన్ననాటి లోటును డబ్బు కొంత పూడుస్తుంది, కొంత కొత్త లోటు తెస్తుంది. డెల్టా రైతు ఇంట్లో మాత్రం ఇప్పుడు కనిపించేది రెండు రకాల లోపం ఒకే గడపలో: తల్లికి అధిక బరువు, రక్తహీనత రెండూ.

రాష్ట్రం మొత్తం మీద 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది ఇదే. 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతానికి రక్తహీనత. ఎత్తుకు తగ్గ బరువు లేక సన్నగా ఉన్నవారు 14.8 శాతం, అధిక బరువువారు 36.3 శాతం. అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం గిడసబారారు. నాలుగైదేళ్ల ముందు ఇది 31.4, అంటే కదలిక లేనట్టే. 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతానికి 18 నిండకుండానే పెళ్లయింది. పదేళ్లు, అంతకుమించి చదివిన స్త్రీలు 39.6 శాతం. అక్షరాస్యత, ఆసుపత్రి పురుళ్లు, రోడ్లు అన్నీ పెరిగినా పిల్లల ఎత్తు పెరగకపోవడానికి గత తరం తల్లుల బాల్యం ఒక కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇంటి ఆచారాలు

డెల్టా సంప్రదాయంలో మంచీ చెడూ పక్కపక్కనే ఉన్నాయి. సమర్తాడిన పిల్లకు నువ్వులు, బెల్లం దంచి చేసిన చిమ్మిలి పెట్టడం, సున్నుండలు తినిపించడం, తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకెళ్లడం ఎదిగే శరీరానికి, అలసిన ఒంటికి అండ. రాత్రి మిగిలిన అన్నాన్ని పులియబెట్టిన తరవాణిలో బి విటమిన్లు పెరుగుతాయి. దాన్ని పేదల తిండి అని చిన్నచూపు చూడటం మొదలై ఎన్నో ఏళ్లయింది.

మరోవైపు, ఎక్కువ తింటే బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుతుందని కడుపుతో ఉన్న కోడలికి తిండి తగ్గించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బాలింతకు పత్యం పేరుతో రోజుల తరబడి కారప్పొడి అన్నం, పాత చింతకాయ పచ్చడి; ఆకుకూర, పండు, నీళ్లు కూడా తగ్గిస్తారు. మగవాళ్లు తిన్నాక మిగిలింది ఆడవాళ్లు తినడం ఎవరూ పెట్టని నియమం, అందరూ పాటించే నియమం. తమ్ముడికి పెట్టిన గుడ్డు అక్కకు పెట్టకపోతే ఆ తేడా ఆమె పిల్లల పుట్టుక బరువులో కనిపించవచ్చు.

పథకాలు

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్‌వాడీలకు పునాది. ఇంటికిచ్చిన పిండిని ఇంటిల్లిపాదీ పంచుకుంటారని గమనించి, 2013లో రాష్ట్రం ‘అమృత హస్తం’ పేరుతో గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే అన్నం, పప్పు, గుడ్డు, పాలతో ఒక పూట భోజనం మొదలుపెట్టింది. 2020 సెప్టెంబరు 7న అది ‘సంపూర్ణ పోషణ’గా మారింది, 77 గిరిజన మండలాలకు అదనంగా ‘ప్లస్’. పేర్లు ప్రభుత్వాలతో మారుతుంటాయి. గుడ్డు మాత్రం గుడ్డే. అది ఆమె నోటికి చేరిందా లేదా అన్నదొక్కటే అడగదగ్గ ప్రశ్న.

బడి భోజనం 2020 జనవరిలో ‘గోరుముద్ద’గా, 2024లో డొక్కా సీతమ్మ పేరుతో మారింది. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో ఆకలితో వచ్చిన బాటసారికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఇల్లాలు సీతమ్మ (1841–1909). ఈ పథకానికి అంతకన్నా తగిన పేరు దొరకదు. గుడ్లు, చిక్కీ, రాగిజావ చేరడంతో పళ్లెం మెరుగుపడింది. పాఠశాలల్లో కిశోర బాలికలకు వారానికొక నీలం రంగు ఇనుము మాత్ర ఇస్తారు. మాత్ర ఇచ్చినట్టు రిజిస్టరులో ఉండటం, పిల్ల మింగడం వేరువేరు. కడుపులో తిప్పుతుందని పారేసేవారు ఎందరో ప్రతి ఉపాధ్యాయురాలికీ తెలుసు. రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలు కలుపుతున్నారు. వాటిని ప్లాస్టిక్ బియ్యం అనుకుని ఏరి పారేసేవారూ ఉన్నారు.

చదువు వైపు నుంచి 2020 జనవరిలో వచ్చిన ‘అమ్మ ఒడి’, 2025 జూన్‌లో వచ్చిన ‘తల్లికి వందనం’ బడికి వెళ్లే పిల్లల తల్లులకు ఏడాదికి 15,000 రూపాయల స్థాయి సాయం ప్రకటించాయి. సాయం మంచిదే. అది చేరేది మాత్రం బిడ్డ బడి ఈడుకు వచ్చాక. మెదడు కట్టుబడి చాలావరకు ముగిసేది అంతకు ముందే.

విమర్శలు

ఈ వాదం మీద ఆక్షేపణలు ఉన్నాయి, కొన్ని బలమైనవి. తెలుగువారు జన్యురీత్యానే పొట్టి అనేవారు కొందరు. మన దేశంలోని సంపన్న, విద్యావంతుల ఇళ్ల పిల్లలు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలకు దగ్గరగా ఎదగడం దీనికి జవాబు. ఆ ప్రమాణాలు రూపొందించిన అధ్యయనంలో దక్షిణ ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. ఎత్తును చదువుకు కారణంగా చూపడం సరికాదు, రెండిటికీ మూలం పేదరికమే అనేవారు మరికొందరు. హైదరాబాదు, గ్వాటెమాలా వంటి ప్రయోగాలు ఈ అభ్యంతరాన్ని కొంత తీర్చాయి, పూర్తిగా కాదు. మధ్యలో ఊరు వదిలిపోయినవారు, తరువాతి పరిశీలనకు దొరకనివారు ప్రతి అధ్యయనంలోనూ ఉంటారు. మరుగుదొడ్లు, తాగునీరు లేని చోట తిన్నది ఒంటికి పట్టదన్న వాదంలోనూ నిజముంది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సిన ఆక్షేపణ మరొకటి. ఈ శాస్త్రాన్ని వక్రంగా చదివితే బిడ్డ వెనకబాటుకు నింద తల్లి మీద పడుతుంది. ఏడేళ్ల వయసులో తనకు గుడ్డు దొరకకపోవడం ఏ తల్లీ చేసిన తప్పు కాదు. బడిలో వెనకబడిన పిల్లవాడి తల్లిని పిలిపించి మందలించే పంతులు గారు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది.

పథకాల వరస చూస్తే గర్భిణికి, పసిబిడ్డకు, బడిపిల్లకు తిండి ఉంది. పదో తరగతి ముగిసి పెళ్లికి ముందున్న ఆడపిల్లకు మాత్రం ఇటీవలి దాకా అందింది తక్కువే. 2025 జనవరి 4 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలల విద్యార్థులకు కూడా డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు.